లక్ష్మీదేవమ్మ తలమీది రేడియో ముసుగు

ఎవురమ్మా చెప్పింది నీకు ఆ మాట? ‘మన ఊరికి క్రోషా అల్లిక నేర్పించింది బెంగళూరు నుండి వచ్చిన క్యాంపు మేడమ్మ’ అని? ఊరంతా అదే చెప్తాది, నాకు తెలుసు. ఊరంతా చెప్పినంత మాత్రాన నిజమైపోతాదా సుమా? పదిమంది చెప్పినారంటే పదిమంది సాక్షులుండారని కాదు. ఒగడు చెప్పింది తొమ్మిదిమంది విన్నారని అర్థం. ముప్పైమూడేండ్లు పిల్లకాయలకు చరిత్ర పాఠం చెప్పినోణ్ణి, ఈ మాట ఎన్నిసార్లు చెప్పుంటానో. ఆ మొదటి ఒగడు ఎవురో పట్టుకుంటే సగం పని అయినట్లే. ఏం చూపిస్తాండావు, ఫోన్లోనా? ఇట్ల తే. ఉండు, నా అద్దాలు... పొద్దన్నుంచి వెదుకుతాండా, యాడ పెట్టినానో... ఆఁ? నెత్తిమీదనా? సరే సరే, నవ్వద్దు. ఏముండాది ఇక్కడ? స్కూలు వెండి పండగ నెనపిన సంచికె, అదే, జ్ఞాపకార్థం వేసిన పుస్తకం, పందొమ్మిదివందల తొంభైతొమ్మిది, పుట ఇరవైఏడు. ఓహో. రాసినోని పేరు గట్టిగా చదవద్దులేమ్మా, పక్కింటోళ్ళు వింటారు. మునినారాయణ, చరిత్ర మేష్ట్రు. ఆ మొదటి ఒగణ్ణి నేనే.

కూర్చో. చింతామణి నుండి మన ఊరి బస్సు నాలుగున్నరకు గానీ లేదు. కాఫీ కావాలంటే పెట్టుకో, నాకు చక్కెర లేకుండా. ఏమంటివి, శుక్రవారం చిక్కబళ్ళాపురంలో మీ సంఘం వాళ్ళు అంగడి పెడతాండారు, ముందర ఒగ అట్ట పెట్టి ‘ఈ అల్లిక మా ఊరికి ఎట్ల వచ్చింది’ అని రాయాల, అంతే గదా? దానికి నా వ్యాసం నుండి నాలుగు లైన్లు ఎత్తి రాసేస్తామని, చిన్నతాతను ఒగమాట అడిగిపోదామని వస్తివి. మంచిపని చేస్తివి అడిగి. అడక్కుండా రాసింటే నా తప్పు ఇంకో పాతికేండ్లు బతికుండె. ఈ రెండువారాలుగా ఎవురికి చెప్పాల, ఎట్ల చెప్పాల అని నాలో నేనే కొట్టుకుంటాండా. మీ నాయన దేవరాజ్‌కు చెప్పను ధైర్యం చాల్లేదు. వాడు ‘నేను అప్పుడే చెప్తిని గదా చిన్నాయనా’ అంటాడు. చెప్పినాడు, అది నిజమే. నేను విననే లేదు.

ముందు ఆ సంచిలో ఉండేది బయటికి తీ. అదే, దాచిపెట్టుకుంటాండావే, ఆ పసుపుది. బండానానా? ఇప్పుడు పిల్లోళ్ళు తలకు కట్టుకుంటాండారు గదా, మూడుమూలల గుడ్డ. ఫోన్లో చూసి అల్లుతాండావా? మొదటిసారా? కనిపిస్తానే ఉండాది. కోపం తెచ్చుకోవద్దు. ఇట్ల పరుచు బల్లమీద. చూడు, ఎడమ పక్క ఏటవాలుగా సరిగ్గా పోతాంది, కుడిపక్క గోడ మాదిరి నిలువుగా నిలబడిపోయె. నాకు అల్లను రాదమ్మా, ఎంచను వస్తాది. ఎన్ని వరసలు? ఇరవై. వరసకు రెండు పక్కలా ఒగొగ ముడి పెంచమంటాడు గదా ఫోన్లో వాడు? అట్లయితే ఇరవై వరసలకు నలభై ముడులు పెరగాల. నీకు పెరిగింది ఇరవయ్యే. అంటే ఏమి? ఒగపక్క పెంచినావు, ఇంకోపక్క కూడా పెంచినావు, కానీ కుడిపక్క అంచున ఉండే ఆఖరి ముడిని చూడకుండా దాటేసినావు. పెంచింది ఒగటి, పోగొట్టింది ఒగటి. ఆ ఆఖరి ముడి వంకరగా పడుకొని ఉంటాది, కొత్తోళ్ళకు అది ముడి మాదిరి కనపడదు. ఇవన్నీ ఎట్ల తెలుసంటావా? నీది సగం తప్పు. మీ అవ్వ రెండు పక్కలా చేసింది ఇదే తప్పు. ఆ తప్పు నుండే ఈ కథంతా పుట్టింది.

లక్ష్మీదేవమ్మ. మా అన్న అమరనాథ్ పెండ్లాము, నాకు వదిన. నీకు రెండేండ్లప్పుడు, రెండువేల మూడులో పోయె. నీకు జ్ఞాపకముండను వీల్లేదు. ఉండాది అంటే నేను నమ్మను, అది ఫోటోల జ్ఞాపకం. దిబ్బూరహళ్ళి పిల్ల, ఆ ఊర్లో ఇంటింటా పట్టుపురుగులు సాకుతారు. అప్పుడు మా ఊర్లో పట్టుపురుగంటే అందరికీ అసయ్యం. మా అమ్మ చెన్నమ్మయితే ‘ఇంట్లో పురుగులు సాకే కోడలు వచ్చిందే తల్లీ’ అని మొగాన చీర చెరుగు పెట్టుకొనె. మా నాయన సీనప్ప మాత్రం రేడియోలో రైతుల కార్యక్రమం విని విని, కొట్టం పక్కన ఒగ రూము సున్నం కొట్టించి ఇచ్చె. ‘చెయ్యమ్మా చూస్తాం’ అనె. ఆ రేడియో లేకపోతే మీ అవ్వకు ఆ రూమూ లేదు, ఈ అల్లికా లేదు. కాబట్టి రేడియో సంగతి ముందు చెప్పాల.

ఆ రేడియో బెంగళూరులో కొనింది. బ్యాటరీది, ఇంత పెద్ద పెట్టె. సాయంత్రం బెంగళూరు స్టేషన్ కన్నడం, రాత్రికి కడప స్టేషన్ తెలుగు, మబ్బు లేకపోతే. దానిమీద ఒగ తెల్లదారం ముసుగు, అంగట్లోనే ఇచ్చినారంట రేడియోతో పాటు. క్రోషాతో అల్లింది, అంచుకు కుచ్చులు. ఎవురల్లినారో తెలీదు, దానికి ఆధారం లేదు, నేను ఊహించి చెప్పను. అప్పుడు రేడియోకు లైసెన్సు ఉండాల, తెలుసా నీకు? నవ్వుతాండావు. నిజం. పోస్టాఫీసులో చిన్న పుస్తకం ఇస్తారు, ఏడాదికొకసారి పోయి ముద్ర వేయించుకోవాల. లేకపోతే పాట వినేది నేరం. మా నాయన ఆ పుస్తకాన్ని జాతకం మాదిరి చూసుకొనె. మనిషి అట్లాంటోడు. ఆవు ఈనిన దినం గోడమీద బొగ్గుతో రాస్తాండె, వాన పడితే ఎన్ని గంటలకు పడిందో రాస్తాండె. మాట్లాడేది తెలుగు, రాసేది కన్నడ అక్షరాల్లో. మన తట్టు అందరూ అంతే గదా, స్కూల్లో నేర్పించింది అదొకటే. నాకు ఈ రాసిపెట్టే పిచ్చి యాడనుండి వచ్చిందనుకున్నావు?

సరే, ఇప్పుడు ఊరోళ్ళు చెప్పే కథ పక్కన మన ఇంటోళ్ళు చెప్పే కథ ఒగటుండాది. అదీ తప్పే. మీ నాయన ఏమంటాడు? ‘మా అమ్మ పట్టుపురుగు గూడు కట్టేది చూసి చూసి, దాన్ని చూసే అల్లను నేర్చుకొనె’ అంటాడు. వినను బాగుంటాది. పట్టుపురుగు ముడి వేస్తాదా సుమా? తల ఇట్ల ఇట్ల ఆడించి ఉండ చుడతాదంతే. గూటిని వేడినీళ్ళలో వేస్తే దారం మొదలునుండి కడవరకు ఒగే పోగుగా వచ్చేస్తాది, ఒగ్గ ముడి కూడా ఉండదు. పురుగు నుండి అల్లిక నేర్చుకొనేది కాకినుండి పాట నేర్చుకొనేదీ ఒగటే. కానీ ఆమె పురుగునుండి నేర్చుకొన్నది ఒగటుండాది, అది ఎవురూ చెప్పరు: కొస పట్టేది. ఉడుకుతాండే గూట్లో ఆ వెంట్రుకంత దారానికి కొస యాడుండాదో కనిపెట్టాల. దిబ్బూరహళ్ళి పిల్లోళ్ళకు అది పుట్టుకతో వచ్చే విద్య. కొస చేతికి చిక్కిందంటే వాళ్ళ చేయి ఊరికే ఉండదు, లాగుతాది. అదే ఆమె కొంప ముంచె.

మా అమ్మా నాయనా మదనపల్లిలో పెండ్లికని మూడు దినాలు పోయినారు. మా అమ్మ పోతా పోతా ‘ఇల్లంతా దులుపు, రేడియో ముసుగు ఉతికిపెట్టు’ అని చెప్పిపోయె. వదిన ఉతికె, దండెం మీద ఆరేసె, తీసేటప్పుడు మేకుకు తగులుకొని ఒగ కొస లేచె. ఇంకోరైతే ఏం చేస్తారు? ముడివేసి లోపలికి దోపేస్తారు. ఈమె లాగె. సర్రుమని ఒగ వరస పోయె. భయపడి నిలిపిందా అంటే లేదు; నాకు ఆమె నోటితోనే చెప్పె: ‘మునీ, భయమయ్యె గానీ చేయి నిలవలేదప్పా. ఒగ ముడి పోతే దాని యెనకాల ముడి యెట్ల నిలబడిందో కనిపిస్తాంది. ఇంకొకటి చూస్తామని, ఇంకొకటి చూస్తామని...’ మాపటేలకు రేడియో బరిబత్తల, ఈమె చేతిలో తెల్లదారం ఉండ, టెంకాయంత. చూసినావా? నువ్వు ఫోన్లో అల్లేది చూసి నేర్చుకుంటాండావు. ఆమె విప్పేది చూసి నేర్చుకొనె. తలకిందులుగా. వ్యాకరణం లేని భాషకు చచ్చిన శాసనం చూసి వ్యాకరణం రాసినట్లు. అది చిన్నపని కాదు, చరిత్ర తెలిసినోడిగా చెప్తాండా.

రెండో దినం సూది కావాల. యాడ తెస్తాది? మా అన్న సైకిలు కొట్టంలో నిలబెట్టుండె. యెనక చక్రం నుండి ఒగ పుల్ల ఊడబీకి, కొసను రాయిమీద అరగదీసి, కొడవలి పండ్లతో గాటు పెట్టి కొక్కెం చేసె. మా అన్న ఆ పొద్దు సైకిలెక్కి బట్లహళ్ళికి పోతాంటే చక్రం అష్టావక్రంగా తిరిగి, ఒగ కంచెలో పోయి పడె. ఇంటికి కుంటుకుంటా వచ్చి, ‘ఎవుడో నా చక్రం పుల్ల దొంగిలించినాడు, వాని చేయి పడిపోను’ అని తిట్టె. ఈమె లోపలనుండి ‘అట్ల తిట్టద్దయ్యా, పాపం, ఏమి అవసరముండెనో’ అనె. ఆ అవసరం ఏమిటో అమరనాథ్‌కు పదేండ్ల తర్వాత గానీ తెలీలే.

మూడో దినం తిరిగి అల్లను కూర్చొనె. అరవైనాలుగు ముడులతో మొదలుపెట్టె. ఆ లెక్క ఆమే చెప్పె, విప్పేటప్పుడు ఎంచి పెట్టుకొనిండెనంట. చదువు రాదు గానీ ఎన్ని తట్టల పురుగులు, ఎన్ని బుట్టల ఆకు అని ఎంచి ఎంచి లెక్క గట్టిది. మొదటి వరస బాగుండె. రెండోది బాగుండె. అల్లుకుంటా పోతాది, పోతాది, పదో వరసకు చూస్తే అంచులు లోపలికి వస్తాండాయి. దారం కుంచించుకొనింది అనుకొనె. ఉతికినాను గదా, అందుకే అని. పట్టు గుడ్డ గుంజుకుపోతాది గదా, అదే అయ్యుంటాది అని ఇంకా గట్టిగా లాగి అల్లె. అసలు సంగతి ఏమి? నువ్వు చేసిందే. వరస మొదట్లో ఒగ ముడి దాటేస్తాంది, చివర ఒగటి దాటేస్తాంది. వరసకు రెండు పోతే అరవైనాలుగు ఎన్ని వరసలకు పోతాయి? చెప్పు. ముప్పైరెండు. ముప్పైరెండో వరసకు ఒగ్గ కొస మిగిలె. రేడియోకు నాలుగుమూలల ముసుగు అల్లబోతే మూడుమూలలది అయ్యి కూర్చొనె. ఉండలో ఇంకా సగం దారం అట్లనే ఉండె. అప్పటికి మదనపల్లి బస్సు దిగి మా అమ్మ వీధి మొగదల వస్తాండాది, గొంతు వినిపిస్తాండాది.

యాడ దాచిపెట్టాల? పెట్టెలో పెడితే అత్త తీస్తాది. పరుపుకింద పెడితే అత్త దులుపుతాది. పురుగుల రూములోకి పరుగెత్తె. రెండు కొసలకు గొలుసు మాదిరి తాళ్ళు అల్లి, చటుక్కున తలకు కట్టేసుకొనె. తర్వాత ఎవురడిగినా ‘పురుగుల మీద వెంట్రుక పడకూడదని కట్టుకొంటి’ అని చెప్తాండె. అది నిజమే గదా. తట్టలో ఒగ పొడుగు వెంట్రుక పడితే పురుగు కాళ్ళకు చుట్టుకొని చస్తాది. నూనె వాసన కూడదు, పూలు కూడదు, చెరుగు కప్పుకొని వంగితే చెరుగే పోయి తట్టలో పడతాది. అన్నీ నిజమే. కానీ కారణం ముందు పుట్టిందా, కట్టుకొనేది ముందు పుట్టిందా? నేను గుచ్చి గుచ్చి అడిగితే ఒగసారి ఒప్పుకొనె: ‘దాచిపెట్టను కట్టుకొంటి మునీ. నెత్తిమీద ఉండేదాన్ని ఎవురు వెదుకుతారప్పా?’ ఏమ్మా, మళ్ళీ నవ్వుతాండావు? నా అద్దాల సంగతి వదిలేయ్.

మా అమ్మ వెదకలేదు, నేరుగా చూసేసె. గడప దాటి లోపలికి రాకూడదు గదా, పురుగులు నాలుగో జ్వరం లేచినాయి. జ్వరమంటే జ్వరం కాదమ్మా, పొర విడిచే నిద్రను అట్లంటారు. లేచినాక తిండి తింటాంటే వాన పడినట్లు చప్పుడు. ఆ చప్పుడు మించి మా అమ్మ గడపలో నిలబడి అరిచె: ‘ఇదేందే ఇది! మొగోని మాదిరి తలగుడ్డ కట్టుకుంటివి! ఆడది తలగుడ్డ కడితే ఇంట్లో మొగోళ్ళకు అచ్చిరాదు, తీయే!’ మన తట్టు అది పెద్ద పట్టింపు సుమా. తలగుడ్డ ఇంటి పెద్ద మొగోనిది. పంచాయితీలో దాన్ని తీసి కింద పెట్టినాడంటే ఓడిపోయినట్లు. కోడలు కట్టేదా! మీ అవ్వకు పంతొమ్మిదేండ్లు, పెండ్లయ్యి ఎనిమిది నెలలు. చేతిలో ఆకు తట్ట. తట్ట దించకుండానే చెప్పెనంట: ‘ఇది గుడ్డ కాదత్తా. మగ్గం మీద పుట్టింది గుడ్డ. ఇది సూది మీద పుట్టింది. గుడ్డయితే నేత ఉండాల గదా, చూడు, ఉండాదా?’ గుడ్డ కానిదానికి ఏ శాస్త్రం చెప్పాలో మా అమ్మకు తెలీలే.

అప్పుడు మా నాయన వచ్చె, కాళ్ళు కడుక్కొని. ఆయన ముందర రేడియోను చూసె: బరిబత్తల. ఆ తర్వాత కోడలి తలను చూసె. ‘ఏమ్మా, అది నా రేడియోది గాదా?’ ‘అవును మామా.’ ‘దానికి నాలుగు మూలలుండె గదమ్మా?’ ‘మూడే మిగిలినాయి మామా.’ మా నాయన ఆ మూడు మూలలనూ ఒగొక్కటే చూసెనంట. వదిన చెప్పేది, ఆ నిముషంలో పురుగులు ఆకు కొరికేది ఒగొక్కటీ వినిపించెనంట. పుట్టింటికి పంపిస్తారనుకొనె. రూముకు తాళం వేస్తారనుకొనె. మా నాయన తలగుడ్డను ముట్టుకోలేదు. భుజం మీది తువ్వాలు తీసి, రేడియో మీద కప్పి, లోపలికి పోయి ఏదో రాసుకుంటా కూర్చొనె. అంతే. తీర్పు చెప్పలేదు, కొట్లాడలేదు. ఆ పొద్దు నుండి మా ఇంట్లో రేడియోకు తువ్వాలు, కోడలికి ముసుగు. నేను కోలారు హాస్టలు నుండి వచ్చి చూసినా దాన్ని, కండ్లారా. కోలారంటే అప్పుడు మన జిల్లా కేంద్రం. చిక్కబళ్ళాపురం జిల్లా అయ్యింది రెండువేల ఏడులో గదా.

చూసినోణ్ణి అట్ల ఎందుకు రాసినా అంటావా? అడుగు, అడగాల్సిందే. ఆ సంచికకు రాసేటప్పుడు నాకు ఒగ అనుమానం: నేను చూసింది కోలారులో చదివేటప్పుడా, లేక బాగేపల్లిలో మేష్ట్రుగా చేరినాక సెలవుల్లో వచ్చినప్పుడా? రెండు సార్లూ సంచి భుజాన వేసుకొని అదే వాకిట్లోకి వచ్చినా గదా, జ్ఞాపకం రెంటినీ కలిపేస్తాది. ఆ మేడమ్మ వచ్చి ఊర్లో అల్లిక నేర్పించే క్యాంపు జరిగింది తొమ్మిది, రెండు, పందొమ్మిదివందల డెబ్భైఆరు, సోమవారం; దానికి ఆహ్వాన పత్రం ఉండాది, హాజరి పట్టీ ఉండాది. నేను చూసింది క్యాంపుకు ముందయితే ఒగ చరిత్ర, తర్వాతయితే ఇంకో చరిత్ర. వదినను అడిగితే ‘మా దేవరాజ్ కడుపులో పడకముందు మునీ’ అనె. కడుపు సాక్ష్యం చెల్లదు వదినా అంటి. చూడు ఎంత పొగరో! ఊర్లో పదకొండుమంది ఆడోళ్ళను అడిగినా. అయిదుమంది ‘క్యాంపుకు ముందే, లక్ష్మీదేవమ్మే నేర్పించె, ముందు విప్పించి ఆ తర్వాత అల్లించె’ అనిరి. ఆరుమంది ‘క్యాంపు తర్వాతే’ అనిరి. ఆరు పెద్దదా, అయిదు పెద్దదా? మెజారిటీ చూసి చరిత్ర రాసినా నేను, చెయ్యెత్తి ఓటు వేసినట్లు. అంజనమ్మ ఒగతి చెప్పె, ‘ఆ మేడమ్మ పెట్టె తెరిచి సూదులు బయటపెడితే మా అందరి తలలమీది అల్లికలూ చూసి, ఇంక నేనేం నేర్పించాలమ్మా అని నవ్వె’ అని. అది కూడా నోటిమాటే గదా అని పక్కన పెట్టినా. ఆ మేడమ్మను నేను తప్పు పట్టను, మంచి మనిషంట. ఆ హాజరి పట్టీలో ఉండేది ఒగే పట్టిక, తరబేతి, అంటే శిక్షణ, పొందినవాళ్ళు అని. నేర్పించినవాళ్ళు అని పట్టికే లేకపోతే మీ అవ్వ యాడ వేలిముద్ర వేయాల? ఉండేదాంట్లో వేసె, నాలుగో లైన్లో. నేను ఆ కాగితం పట్టుకొని, ‘శిక్షణ పొందినవారిలో నాలుగవవారు లక్ష్మీదేవమ్మ’ అని అచ్చు వేయిస్తి.

పుస్తకం వచ్చిన దినం మీ నాయన ఆమెకు చదివి వినిపించె, నేను పక్కనే ఉంటి. అంతా విని, ‘నా పేరుండాదా?’ అని అడిగె. ‘ఉండాది వదినా, నాలుగోది’ అంటి. ‘నాలుగోదా!’ అని నవ్వె. చేతిలో అల్లుతాండేది ఆపలేదు. ‘నువ్వూ ఒగ ముడి దాటేస్తివి మునీ. ఏం కాదులే. ముడి దాటేస్తే విప్పిపోదప్పా, ఆకారం మారతాదంతే.’ అంతే అనె. నాకు అప్పుడు రోషమొచ్చె, నిజం చెప్పాలంటే. నా పనిని అల్లికతో పోలుస్తాదా అని. ‘ఆధారం చూపించు, తిరిగి రాస్తా’ అంటి. ఏం చూపిస్తాది? ఆమె దగ్గర ఉండే ఆధారమంతా నెత్తిమీద ఉండె. నాలుగేండ్లకు పోయె. పోయిన దినం ఆడోళ్ళంతా కలిసి దాన్నే ఆమె తలకు కట్టిరి, పసుపచ్చగా అయిపోయిన ఆ తెల్లదారందాన్ని. నేనూ మట్టి వేసినా. ఉండే ఒగ్గ ఆధారాన్ని నా చేతులారా మట్టిలో పెట్టి ఇంటికొచ్చి, ‘ఆధారం లేదు’ అని ఇరవైరెండేండ్లు కూర్చొన్నా.

ఏడవద్దమ్మా, కథ అయిపోలేదు. నీ కాఫీ చల్లారతాంది. రెండువారాల కింద, మన పక్క వీధిలో ఎలక్ట్రానిక్ అంగడి చంద్రు వచ్చె. ‘మేష్ట్రే, ఆ అటకమీది పాత రేడియోను నాకివ్వండి, లోపలంతా తీసేసి బ్లూటూత్ పెట్టిస్తా, చూడను పాతది, పాడను కొత్తది’ అనె. ఆయప్పకు ఏం చెప్పాల, సరే అంటి. యెనక అట్ట విప్పె. బల్లిగుడ్లు, చచ్చిన బొద్దింకలు, వాటి మధ్యన మా నాయన లైసెన్సు పుస్తకం. మైసూరు రాష్ట్రం అని ఉండాది చూడు, కర్నాటక అని పేరు పెట్టింది డెబ్భైమూడులో. ముందర పుటల్లో పోస్టాఫీసు ముద్రలు. యెనక ఖాళీ పుటల్లో మా నాయన చేతిరాత, రేడియో రోగచరిత్ర మొత్తం: బ్యాటరీ మార్చింది ఒగ దినం, వాన వల్ల కడప పలకనిది ఒగ దినం, లోపల ఎలుక దూరింది ఒగ దినం, ప్రతిదానికీ తేదీ, వారం. ‘చంద్రూ, అది ముట్టుకోవద్దు, పెట్టె తీసుకో’ అంటి. లేదులే, పెట్టె కూడా ఇయ్యలేదు. ఇంట్లోనే ఉండాది, లోపల, తువ్వాలు కప్పి.

ఇదో, జేబులోనే పెట్టుకొని తిరుగుతాండా. ముద్రలు ఇటు పక్క, రాత ఇటు పక్క. వాటిల్లో ఒగ దినం రాతకు పంచాంగం తీసి వారం సరిచూసినా, సరిపోయింది. సిరా కూడా అదే, పైనా కిందా ఉండే రాతలు వరసగా ఉండాయి, మధ్యలో ఎవురూ దూర్చింది కాదు. ఫోన్ పక్కన పెట్టి పెన్ను తీసుకో. మీ అట్టమీద నా పేరు ఎక్కడా రావద్దు. నేను చదివింది చదివినట్లు రాయాల, ఒగ్గ అక్షరం పెంచకూడదు, ఒగ్గటి దాటేయకూడదు. రాస్తాండావా? పదకొండు, ఆరు, పందొమ్మిదివందల అరవైతొమ్మిది, బుధవారం. ‘రేడియో ముసుగును లక్ష్మీదేవమ్మ విప్పి, మూడు మూలలుగా తిరిగి అల్లి, తలకు కట్టుకొనింది. బాగుండాది. వాపసు అడగరాదు.’